స్టూల్ 60: కొనాలనుకునేవాళ్లు, కొన్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆల్వార్ ఆల్టో రూపొందించిన మూడు కాళ్ల బర్చ్ చెక్క స్టూల్ గురించి ఎవరితో మాట్లాడినా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ధరతో మొదలవుతాయి, చెదల దాకా వెళ్తాయి. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ జవాబుకా జవాబు విడిగా చదివినా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

ఇంతకీ ఏమిటీ స్టూల్? ఎవరు చేశారు?

ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో (1898–1976) 1933లో రూపొందించిన స్టూల్ ఇది. గుండ్రటి సీటు ఒకటి, మూడు కాళ్లు, కొన్ని స్క్రూలు, అంతే. తుర్కు ఊరి దగ్గర ఫర్నిచర్ ఫ్యాక్టరీ నడిపిన ఓటో కోర్హొనెన్‌తో కలిసి ఆల్టో చాలాకాలం చెక్కను వంచే ప్రయోగాలు చేశాడు. వాటిలోంచి పుట్టిందే ఇది. 1933 చివర్లో లండన్‌లోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ స్టోర్‌లో ఆల్టో ఫర్నిచర్‌ను ప్రదర్శించారు. 1935లో ఆల్వార్, ఆయన భార్య ఐనో, మైరే గుల్లిక్సెన్, నిల్స్-గుస్తావ్ హాల్ కలిసి హెల్సింకీలో ఆర్టెక్ అనే కంపెనీ పెట్టారు. స్టూల్ 60ని ఇప్పటికీ అమ్ముతున్నది ఆ కంపెనీయే. 2013లో స్విట్జర్లాండ్‌కి చెందిన విట్రా ఆర్టెక్‌ను కొనుక్కుంది. బ్రాండ్ పేరు మాత్రం మారలేదు.

మూడు కాళ్ల పీటే కదా, అంత పేరెందుకు?

ఆ పేరంతా కాలు వంపు వల్ల వచ్చింది. మామూలు స్టూల్లో కాలు నిటారుగా ఉంటుంది. సీటుని, కాళ్లని కలపడానికి కింద ఒక చట్రం కావాలి, అడ్డకర్రలు కావాలి, గూడు తొలిచి కర్ర కొన దూర్చే అతుకులు కావాలి. ఆల్టో వీటన్నింటినీ తీసేశాడు. కాలే పైకి వెళ్లి లంబకోణంలో మడిచినట్టు వంగి, సీటు అడుగున పడుకుంటుంది. అక్కడ స్క్రూలతో బిగిస్తే పని అయిపోయింది.

గట్టి చెక్క అలా వంగదు, విరుగుతుంది. అందుకని కాలుగా చేయబోయే బర్చ్ కర్ర పైకొనను రేఖల వెంట సన్నగా కోస్తారు. కొన అంతా దువ్వెన పళ్లలా విడిపోతుంది. ఆ సందుల్లోకి జిగురు పూసిన పల్చటి చెక్క రేకులు దూర్చి, వేడితో వంచి, అచ్చులో బిగించి ఆరనిస్తారు. జిగురు ఆరాక ఆ వంపు కర్ర అంత గట్టిగా ఉండిపోతుంది. కింద భాగం నిఖార్సైన చెక్క, పైవంపు మాత్రం పొరలు పొరలుగా ఉంటుంది. స్టూల్‌ని తిరగేసి వంపు దగ్గర చూడండి, ఆ సన్నటి గీతలు సమాంతరంగా వంగుతూ వచ్చి, నిటారు కాలు మొదలయ్యే చోట ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. ఈ కాలుకి ఆల్టో పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఇదే కాలుతో కుర్చీలు, టేబుళ్లు కూడా చేశాడు. 1954లో దీన్నే విసనకర్రలా విచ్చుకునే ఎక్స్ కాలుగా పెంచాడు.

1933 నాటిది అంటున్నారు. మరి షాపులు మిడ్-సెంచరీ అని ఎందుకు అమ్ముతున్నాయి?

మిడ్-సెంచరీ అనే పేరును సాధారణంగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1960ల దాకా వచ్చిన డిజైన్లకు వాడతారు. ఆ లెక్కన స్టూల్ 60 ముందు తరానిది. కానీ ఉత్పత్తి ఆగలేదు, రూపం మారలేదు, 1950ల ఇళ్లలోకి కూడా ఇదే చేరింది. అందుకే ఆ వరుసలో కలిపేస్తారు. కాలం విషయంలో మీకు పట్టింపు ఉంటే ఆర్నె జాకబ్‌సన్ చేసిన డాట్ స్టూల్ చూడండి, అది 1954 నాటిది, స్టీలు కాళ్లది, అదీ ఒకదానిపై ఒకటి పేర్చుకునేదే. నా ఓటు మాత్రం ఆల్టోకే. స్టీలు తాకితే చల్లగా, పరాయిగా ఉంటుందనే ఆల్టో చెక్కవైపు వెళ్లాడు. ఏసీ గదిలో స్టీలు కాలుకి మడమ తగిలినప్పుడు ఆయన మాట అర్థమవుతుంది.

మొదట ఎక్కడ వాడారు?

అప్పట్లో ఫిన్లాండ్‌లో ఉన్న వీపురి అనే ఊళ్లో ఆల్టోయే కట్టిన లైబ్రరీ ఈ స్టూల్‌కి పేరు తెచ్చిన చోటు. 1935లో పూర్తయిన ఆ భవనంలో అలలు అలలుగా సాగే చెక్క పైకప్పు ఉన్న ఉపన్యాస మందిరం ఉంది. పాత ఫోటోల్లో ఆ మందిరం నిండా ఈ స్టూళ్లు వరుసల్లో కనిపిస్తాయి. అవసరం తీరగానే పేర్చి పక్కన పెట్టేయడానికి వీలుండాలన్న ఆలోచన అలాంటి చోట ఎంత ఉపయోగమో తెలుస్తుంది. యుద్ధం తర్వాత ఆ ఊరు సోవియట్ యూనియన్‌కి పోయింది. ఇప్పుడు రష్యాలో వైబోర్గ్ అంటారు. ఆ లైబ్రరీకి చాలా ఏళ్లు సాగిన మరమ్మతులు 2013లో పూర్తయ్యాయి.

ఒక్క స్టూల్‌కి అంత డబ్బు పెట్టడం అవసరమా?

అవసరం అని చెప్పను. కొత్తది యూరప్‌లోనే కొన్ని వందల యూరోలు ఉంటుంది. మన దేశానికి తెప్పిస్తే రవాణా, దిగుమతి సుంకం కలిసి ఇంకా పెరుగుతుంది. రోజూ చేతికి అందే చోట ఉండి, కూర్చోవడానికి, లాప్‌టాప్ పెట్టుకోవడానికి, చుట్టాలొచ్చినప్పుడు భోజనాల దగ్గరికి లాగడానికి వాడేట్టయితే ఆ డబ్బు న్యాయంగానే అనిపిస్తుంది. హాల్లో ఒక మూల షోకి పెట్టడానికైతే వద్దు. ఇంకో సంగతి. దీనికి సెకండ్ హ్యాండ్ మార్కెట్ ఉంది. ఆర్టెక్ తానే సెకండ్ సైకిల్ పేరుతో పాత ఫర్నిచర్ వెనక్కి కొని మళ్లీ అమ్ముతుంది. గీతలు పడి, రంగు వెలిసిన పాత స్టూళ్లను వెతుక్కుని కొనేవాళ్లు ఉన్నారు.

## ఏది తీసుకోవాలో తేల్చుకునేటప్పుడు

మూడు కాళ్లదా, నాలుగు కాళ్లదా?

ఇంట్లో ఎవరెవరు ఉన్నారన్నదాన్ని బట్టి తేల్చుకోండి. మూడు కాళ్లది స్టూల్ 60, నాలుగు కాళ్లది స్టూల్ ఈ60. మూడు కాళ్లది ఎలాంటి నేల మీదైనా ఊగదు, ఎందుకంటే మూడు బిందువులు ఎప్పుడూ ఒకే తలంలో ఉంటాయి. పెరట్లో, వాకిట్లో ముక్కాలి పీట వాడినవాళ్లకి ఇది తెలిసిన విషయమే. కానీ పక్కకు ఒరిగే విషయంలో మూడు కాళ్లది బలహీనం. కాళ్లని కలుపుతూ నేల మీద ఒక త్రిభుజం ఊహించుకోండి. శరీరం బరువు ఆ త్రిభుజం దాటిందంటే స్టూల్ తిరగబడుతుంది. రెండు కాళ్ల మధ్య దిశలో ఆ త్రిభుజం అంచు, మధ్య నుంచి కాలు దాకా ఉన్న దూరంలో సగం దగ్గరే వచ్చేస్తుంది. నాలుగు కాళ్లకైతే అది దాదాపు 70 శాతం దాకా జరుగుతుంది.

కాబట్టి పిల్లలు ఎక్కి తొక్కే ఇల్లయితే, కూర్చుని పక్కకు వంగి కిందవి అందుకునే అలవాటు ఉంటే నాలుగు కాళ్లది తీసుకోండి. పెద్దవాళ్లే ఉండే ఇల్లయితే, పేర్చినప్పుడు కాళ్లు చుట్టుకుంటూ పైకి వెళ్లే మెలిక అందం కావాలంటే మూడు కాళ్లది తీసుకోండి. అందం కోసం మూడు కాళ్లది కొని, దాన్ని చంటిపిల్లలున్న వంటింట్లో పెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు.

మా డైనింగ్ టేబుల్‌కి ఎత్తు సరిపోతుందా?

సరిపోతుంది. స్టూల్ ఎత్తు 44 సెంటీమీటర్లు, అడ్డం సుమారు 38. మన డైనింగ్ టేబుళ్లు మామూలుగా 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి మోకాళ్లకి కావాల్సినంత చోటు మిగులుతుంది. వంటింటి గట్టు దగ్గర కూర్చోవడానికైతే ఇది పొట్టి. దానికి ఆల్టోదే హై స్టూల్ 64 ఉంది, 65, 75 సెంటీమీటర్ల ఎత్తుల్లో దొరుకుతుంది. గట్టు 90 సెంటీమీటర్లయితే 65ది తీసుకోండి.

సీటు చెక్కది మంచిదా, లినోలియందా, లామినేట్‌దా?

చూడ్డానికి చెక్కది, వంటింటికి లామినేట్‌ది. నూనె చేతులు, పసుపు, టీ గ్లాసులు రోజూ తగిలే చోట లామినేట్‌కి సాటి లేదు, తుడిస్తే పోతుంది. లినోలియం అవిసె నూనె, చెక్కపొడి లాంటివి కలిపి చేసిన పొర. నల్ల లినోలియం సీటు ముట్టుకుంటే మెత్తటి తోలు మీద చెయ్యి పెట్టినట్టు ఉంటుంది, నాకు చాలా ఇష్టం. కానీ ఘాటైన సబ్బునీళ్లు, సోడా కలిసిన క్లీనర్లు దానికి పడవు, వాటివల్ల పొర పాడవుతుంది. మీ ఇంట్లో శుభ్రం చేసే మనిషి ఏ లిక్విడ్ వాడతారో మీ చేతిలో లేకపోతే లినోలియం వద్దు. మెత్త కుట్టిన సీటు కూడా ఉంది గానీ, మన దుమ్ముకి, చెమటకి అది త్వరగా మురికి పడుతుంది.

బర్చ్ అంటే ఏం చెక్క? టేకులా మన్నుతుందా?

బర్చ్ ఉత్తరాది చలిదేశాల చెట్టు. ఫిన్లాండ్ అడవుల్లో విరివిగా దొరుకుతుంది. మన ప్రాచీనులు రాతకి వాడిన భూర్జపత్రం హిమాలయాల్లో పెరిగే ఇదే జాతి చెట్టు బెరడు. చెక్క లేత రంగులో, సన్నటి రేఖలతో, గట్టిగా ఉంటుంది, వంచితే మాట వింటుంది. ఇంటి లోపల పొడిగా ఉంచితే దశాబ్దాలు ఉంటుంది. కానీ టేకు చేవకి ఉన్న సహజ రక్షణ దీనికి లేదు. తడి తగిలితే నల్లబడుతుంది, వదిలేస్తే కుళ్లుతుంది, చెదలకి అడ్డు చెప్పలేదు. బాల్కనీలో, పెరట్లో వేసే సరుకు కాదు.

‘విల్లి’ అని ఒకటి కనిపిస్తోంది, చెక్క నిండా మచ్చలున్నాయి. డ్యామేజ్ పీసా?

కాదు. స్టూల్‌కి 90 ఏళ్లు నిండిన 2023లో ఫార్మాఫాంటాస్మా అనే ఇటలీ డిజైన్ స్టూడియోతో కలిసి ఆర్టెక్ తెచ్చిన రకం అది. అంతకుముందు మచ్చలేని తెల్లటి చెక్కనే ఏరుకుని మిగతాది పక్కన పెట్టేవారు. విల్లిలో కణుపులు, పురుగు నడిచిన గీతలు, చెట్టు నడిమి ముదురు రంగు అన్నీ అలాగే ఉంచారు. ఏ రెండూ ఒకేలా ఉండవు. గట్టిదనంలో తేడా లేదు. తెల్లటి సీటు మీద మరకలు కనిపిస్తాయని టెన్షన్ పడేవాళ్లకి ఇదే హాయి అని నా అభిప్రాయం.

అమ్మానాన్నలు పెద్దవాళ్లు. వాళ్లు కూర్చోవడానికి బాగుంటుందా?

వాళ్ల రోజువారీ కూర్చోవడానికి దీన్ని కొనకండి. వెనక ఆనుకోవడానికి లేదు, లేచేటప్పుడు చేతులు ఆన్చడానికి లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సీటు అంచు మీద చేయి వేసి లేస్తారు, అప్పుడు బరువంతా ఒక పక్కకు పడుతుంది. మూడు కాళ్ల స్టూల్ ఒరిగిపోయేది సరిగ్గా అప్పుడే. చెప్పులు తొడుక్కోవడానికి గుమ్మం దగ్గర కావాలంటే నాలుగు కాళ్లది, గోడకి ఆన్చి వేయండి. కూర్చోవడానికైతే చేతులున్న కుర్చీయే వాళ్లకి మర్యాద.

ఎన్ని తీసుకోవాలి?

రెండుతో మొదలుపెట్టండి. ఒకటి ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉంటుంది, రెండోది వచ్చినవాళ్లకి. నలుగురైదుగురు తరచూ భోజనానికి వచ్చే ఇల్లయితే నాలుగు. పేర్చితే నాలుగైనా ఒక్కదాని చోటే పడుతుంది కాబట్టి చిన్న ఫ్లాట్‌లో కూడా బరువనిపించదు.

ఇలాంటిదే మన వడ్రంగితో చేయించుకుంటే?

చేయించుకోవచ్చు, కానీ ఆ కాలు తేలిక అనుకోకండి. కర్రకొనను సన్నటి రంపంతో సమానంగా కోయాలి, అంతే మందంలో రేకులు దొరకాలి, వంచడానికి అచ్చు చేసుకోవాలి, క్లాంపులతో బిగించి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. ముందు ఒక్క కాలు చేసి చూపించమనండి. దాన్ని నేల మీద పెట్టి వంపు మీద గట్టిగా అదమండి. పొర విడిచిన చప్పుడు వస్తే మిగతావి చేయించకండి. టేకుతో చేయిస్తే ఇంకో చిక్కు ఉంది. టేకులో సహజంగా ఉండే నూనె జిగురుని సరిగా పట్టనివ్వదు, అతికే ముందు తలాన్ని థిన్నర్‌తోనో అసిటోన్‌తోనో తుడిచి వెంటనే జిగురు పూయాలి.

ఆల్టో తీసుకున్న పేటెంట్‌కి ఎప్పుడో కాలం చెల్లింది. ఇంటికి ఒకటి చేయించుకోవడం వేరు, దానికి ఆర్టెక్ పేరు పెట్టి అమ్మడం వేరు. రెండోది మోసం.

నిజం చెప్పాలంటే, మంచి వడ్రంగి దొరికితే ఈ వంపుకాలు అడగకుండా, అతనికి చెయ్యి తిరిగిన అతుకులతో నిటారు కాళ్ల టేకు స్టూల్ చేయించుకోవడమే మేలు. నకలు కన్నా అది బాగుంటుంది, ఎక్కువ కాలం ఉంటుంది.

పాతది కొంటున్నాను. అసలుదో నకలో ఎలా తెలుస్తుంది?

తిరగేసి కాలు వంపు చూడండి. అసలు దాంట్లో పొరల గీతలు వంపు దగ్గరే ఉంటాయి, కిందికి వచ్చేసరికి మాయమై గట్టి చెక్క మొదలవుతుంది. చౌక నకళ్లలో కాలంతా ప్లైవుడ్, గీతలు పాదం దాకా సాగుతాయి. ఐకియా చాలా ఏళ్లు అమ్మిన ఫ్రోస్టా స్టూల్ చూడ్డానికి ఆల్టోదిలాగే ఉండేది, నాలుగు కాళ్లతో. దాని కాళ్లు అలా మొత్తం పొరలతో చేసినవే. సీటు అడుగున ముద్ర ఉందేమో చూడండి. కానీ ముద్ర ఒక్కదాన్నే నమ్మకండి, కాలాన్ని బట్టి అది మారుతూ వచ్చింది, కొన్నింటి మీద చెరిగిపోయి ఉంటుంది. నమ్మాల్సింది కాలుని. ఫోటో పంపమని అడిగేటప్పుడు పైనుంచి తీసింది కాకుండా వంపుని పక్కనుంచి దగ్గరగా తీసింది అడగండి.

యూరప్‌లో ఉంటున్నాం. ఇండియా వచ్చేటప్పుడు సూట్‌కేసులో తేవచ్చా?

తేవచ్చు. స్క్రూలు విప్పేస్తే మిగిలేది ఒక గుండ్రటి పలక, మూడు కాళ్లు. పెద్ద సూట్‌కేసులో బట్టల మధ్య చక్కగా పడుకుంటాయి. పలకని పాత దుప్పటిలో చుట్టి అడుగున పెట్టండి. కాళ్ల వంపులకి తువ్వాలు చుట్టండి, దెబ్బ తగిలేది అక్కడే. స్క్రూలు ఒక చిన్న కవర్‌లో వేసి, ఆ కవర్‌ని సీటు అడుగున టేపుతో అంటించేయండి, లేకపోతే ఇంటికొచ్చాక వెతుక్కోవాలి. స్క్రూలు, స్క్రూడ్రైవర్ చెక్-ఇన్ బ్యాగులోనే. బిల్లు దగ్గర ఉంచుకోండి, అడిగితే చూపించవచ్చు.

## ఇంటికి వచ్చాక

బిగించడానికి మనిషిని పిలవాలా?

అక్కర్లేదు. నేల మీద దుప్పటి పరిచి సీటుని బోర్లా పెట్టండి. కాళ్లని వాటి స్థానంలో ఉంచి, అన్ని స్క్రూలనీ ముందు వదులుగా ఎక్కించండి. అన్నీ ఎక్కాకే ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా బిగిస్తూ రండి. ఒక కాలుని ముందే గట్టిగా బిగించేస్తే మిగతావి వంకరగా కూర్చుంటాయి. చేత్తో తిప్పే స్క్రూడ్రైవరే వాడండి. డ్రిల్ మెషీన్ పెట్టి బిగిస్తే ఒక్క క్షణంలో చెక్కలో మర అరిగిపోతుంది.

కొత్త నాలుగు కాళ్లది కాస్త ఊగుతోంది. లోపమా?

ముందు నేలని అనుమానించండి. టైల్స్ పరిచిన నేలలో ఒక టైల్ ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉండటం మామూలే. స్టూల్‌ని పావు వంతు తిప్పి చూడండి, ఇంకో చోట పెట్టి చూడండి. చోటు మారితే ఊగడం ఆగితే అది నేల సంగతి. ఎక్కడ పెట్టినా అదే కాలు లేస్తుంటే స్క్రూలన్నీ సగం వదులు చేసి, చదునైన నేల మీద నిలబెట్టి, మీద కూర్చుని బరువు వేసి, తర్వాత మళ్లీ బిగించండి. అయినా తగ్గకపోతే అమ్మినవాళ్లకి చెప్పండి. కాలు కోయకండి.

లాగినప్పుడల్లా టైల్స్ మీద కీచుమంటోంది.

కాళ్ల అడుగున ఫెల్ట్ ముక్కలు అంటించండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. అంటించే ముందు పాదం దుమ్ము లేకుండా తుడవాలి. ఫెల్ట్ దుమ్ముని, వెంట్రుకల్ని పట్టుకుంటుంది, తడి పీల్చుకుంటుంది, కాబట్టి కొన్ని నెలలకోసారి మార్చాలి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో గట్టి నైలాన్ బిళ్లలు మేలు.

## రోజువారీ వాడకంలో

దొంతిగా ఎలా పేర్చాలి?

కింద ఉన్నదాని మీద రెండోదాన్ని నిటారుగా దించకుండా కొంచెం తిప్పి దించండి. పై స్టూల్ కాళ్లు కింద స్టూల్ కాళ్ల పక్కకి రావాలి, మీద కాదు. ప్రతిదాన్నీ ఒకే వైపు, ఒకే మోతాదులో తిప్పుతూ పోతే కాళ్లు మెట్లుమెట్లుగా చుట్టుకుంటూ పైకి వెళ్లే మెలిక వస్తుంది. షోరూముల్లో ఎత్తుగా పేర్చి పెడతారు గానీ, ఇంట్లో నాలుగైదు దాటనివ్వకండి. గోడ మూలన పెడితే ఇంకా మంచిది. పిల్లలున్న ఇంట్లో రెండు చాలు, దొంతిని పట్టుకుని లాగితే మొత్తం మీద పడుతుంది.

పేర్చిన చోట గీతలు పడుతున్నాయి. ఏం చేయాలి?

అవి పడతాయి. కాలు లోపలి వైపు, సీటు అంచు ఒకదానికొకటి రుద్దుకునే చోట వార్నిష్ మీద సన్నటి గీతలు వస్తాయి. రోజూ పేర్చి తీసే ఇల్లయితే మధ్యలో పల్చటి గుడ్డ వేయండి. అప్పుడప్పుడే అయితే వదిలేయండి. స్కూళ్లలో, లైబ్రరీల్లో దశాబ్దాలు వాడిన స్టూళ్ల మీద ఉండే ఆ గీతలనే పాత సరుకు కొనేవాళ్లు కోరుకుంటారు.

ఎక్కి బల్బు మార్చొచ్చా, ఫ్యాను తుడవొచ్చా?

వద్దు. నాలుగు కాళ్లదైనా వద్దు. సీటు మోయగలదు, కానీ పైకి చెయ్యి చాపి ఒక పక్కకి వంగినప్పుడు బరువు కాళ్ల పరిధి దాటిపోతుంది. కింద నుంచి స్టూల్ జారిపోవడానికి క్షణం పట్టదు. ఫ్యాను తుడవడానికి నిచ్చెన వాడండి. దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపేటప్పుడు సహాయానికి వచ్చినవాళ్లకి కూడా ఈ మాట ముందే చెప్పండి, అందుబాటులో ఉందని దీన్నే లాక్కుంటారు.

మంచం పక్కన టేబుల్‌లా, మొక్క పెట్టడానికి, దీపం పెట్టడానికి వాడొచ్చా?

మంచం పక్కన పుస్తకం, ఫోను, నీళ్ల గ్లాసు పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి టేబుల్ లేదు. మొక్క కుండీ నేరుగా పెట్టకండి. కుండీ అడుగున చేరే చెమ్మ ఎన్ని తుడుపులు తుడిచినా పోని నల్లటి వలయాన్ని మిగుల్చుతుంది. వెడల్పాటి పళ్లెం, దాని కింద గాలి ఆడేలా చిన్న ఎత్తు ఉంటే ఫరవాలేదు. దీపం వద్దే వద్దు. నూనె జారితే చెక్క తాగేస్తుంది, పైగా గాలికి, పిల్లలకి తగిలే ఎత్తులో ఉంటుంది.

## శుభ్రం, సంరక్షణ, రిపేరు

రోజూ ఇల్లు తడిగుడ్డతో తుడుస్తాం. కాళ్ల అడుగులు నల్లబడుతున్నాయి.

మన ఇళ్లలో ఈ స్టూల్‌కి వచ్చే అతిపెద్ద ముప్పు ఇదే. చెక్క పక్కలనుంచి నీళ్లని నెమ్మదిగా పీలుస్తుంది, కోసిన కొన నుంచి మాత్రం గబగబా తాగేస్తుంది. స్టూల్ గంటల తరబడి తడి నేల మీదే నిలబడక్కర్లేదు, రోజూ పది నిమిషాలు చాలు. మొదట పాదం చుట్టూ వేలెడు ఎత్తు బూడిదరంగు కనిపిస్తుంది, తర్వాత వార్నిష్ పొట్టులా లేస్తుంది.

చేయాల్సింది ఇది. స్టూల్‌ని రెండు రోజులు పొడిచోట బోర్లా పెట్టి పాదాలని పూర్తిగా ఆరనివ్వండి. సన్నటి గరుకు కాగితంతో పాదం అడుగుని మాత్రం తేలిగ్గా రుద్దండి. రంగులేని వుడ్ సీలర్ గానీ, పాలీయురెథేన్ వార్నిష్ గానీ పల్చగా పూయండి, పీల్చుకున్నాక ఇంకోసారి. ఆరాక నైలాన్ బిళ్లలు వేస్తే పాదం నేలకి కొంచెం పైకి లేస్తుంది. కొత్త స్టూల్‌కైతే కొన్న రోజే ఈ పని చేసేయండి. ఇక నేల తుడిచేటప్పుడు స్టూళ్లని సోఫా మీదకో టేబుల్ మీదకో ఎత్తి పెట్టమని చెప్పండి. చేత్తో తేలిగ్గా లేస్తాయి.

సీటు మీద పసుపు మరక పడింది.

పడిన వెంటనే అయితే తడిగుడ్డకి కొంచెం గిన్నెల సబ్బు రాసి తుడిస్తే చాలావరకు పోతుంది. మిగిలిన పసుపు ఛాయని గట్టిగా రుద్దకండి, వార్నిష్ పోతుంది గానీ మరక పోదు. కిటికీ వెలుతురు బాగా పడే చోట కొన్ని రోజులు ఉంచండి. పసుపులోని రంగు వెలుతురుకి నిలవదు, దానంతటదే వెలిసిపోతుంది. బ్లీచ్ మాత్రం వాడొద్దు.

వేడి గిన్నె పెట్టేశాం, తెల్లటి వలయం పడింది.

తెల్లటి మచ్చ అయితే చెమ్మ వార్నిష్ పొరలో చిక్కుకుందని అర్థం, చెక్క కాలలేదు. మెత్తటి పొడి నూలుగుడ్డ దాని మీద పరిచి, ఇస్త్రీ పెట్టెని అతి తక్కువ వేడిలో రెండు మూడు సెకన్లు ఆన్చి తీసి చూడండి. చాలాసార్లు తగ్గుతుంది. గోధుమరంగు, నలుపు మచ్చ అయితే చెక్క మాడిందన్నమాట, దాన్ని గీకి మళ్లీ పాలిష్ వేయడమే మార్గం.

కొన్నప్పుడు తెల్లగా ఉండేది, పసుపు పచ్చగా మారుతోంది. పాడవుతోందా?

లేదు. బర్చ్ వెలుతురు తగిలేకొద్దీ తేనె రంగులోకి తిరుగుతుంది. పాత స్టూళ్లు అంత వెచ్చగా కనిపించడానికి కారణం అదే. అంతా ఒకే రంగు రావాలంటే సీటు మీద ఒకే వస్తువుని నెలల తరబడి కదల్చకుండా ఉంచకండి, దాని కింద తెల్లటి ముద్ర మిగిలిపోతుంది. నెలకోసారి స్టూల్‌ని తిప్పి పెట్టండి.

మాది విశాఖ, సముద్రం దగ్గర. చెమ్మకి తట్టుకుంటుందా?

లోపల, గాలి ఆడే గదిలో అయితే తట్టుకుంటుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి, వేసవిలో తగ్గుతుంది, అందువల్ల స్క్రూలు కొంచెం వదులవుతాయి. ఏడాదికి రెండుసార్లు, వానలు మొదలయ్యే ముందు, తగ్గాక, అన్నీ ఒకసారి చేత్తో బిగించండి. మూసిన స్టోర్ రూములో పేర్చి నెలల తరబడి వదిలేస్తే మధ్యలో బూజు పడుతుంది. పడితే పొడిగుడ్డతో ఆరుబయట తుడిచి, నీడలో ఆరబెట్టండి.

చెదలు పడతాయా?

పడతాయి, బర్చ్‌కి వాటిని ఆపే గుణం లేదు. చెదలు సాధారణంగా నేల నుంచి, గోడ నుంచి మట్టి దారి కట్టుకుని వస్తాయి, కాబట్టి ఎప్పుడూ కదిలే వస్తువుని అంత త్వరగా పట్టవు. గోడకి ఆనించి వదిలేసినవే ప్రమాదంలో ఉంటాయి. చెద మందు కొట్టించేటప్పుడు స్టూళ్లు ఆ గది నుంచి తీసేయండి. చెక్కలోంచి సన్నటి పొడి రాలుతూ, గుండుసూది తల అంత రంధ్రాలు కనిపిస్తే అది చెద కాదు, పుచ్చు పురుగు. ఆ స్టూల్‌ని మిగతా చెక్క సామాను నుంచి వెంటనే వేరు చేసి, పెస్ట్ కంట్రోల్ వాళ్లకి చూపించండి.

స్క్రూ ఎంత తిప్పినా పట్టడం లేదు, తిరుగుతూనే ఉంది.

రంధ్రంలో మర అరిగిపోయింది. లావు స్క్రూ వేయాలని చూడకండి, చెక్క చీలుతుంది. స్క్రూ తీసేసి, మందు లేని అగ్గిపుల్లలు రెండు మూడు ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో బిగుతుగా దూర్చండి. పైకి వచ్చిన కొసల్ని బ్లేడుతో సీటు మట్టానికి కోసేయండి. ఒక రోజు ఆరాక పాత స్క్రూనే మళ్లీ చేత్తో నెమ్మదిగా ఎక్కించండి, పట్టుకుంటుంది. స్క్రూ పొడవు మాత్రం మార్చొద్దు, పొడవు ఎక్కువైతే సీటు పైకి మొన పొడుచుకొస్తుంది.

కాలు వంపు దగ్గర పొర విడుస్తోంది.

చీలిక సన్నగా ఉన్నప్పుడే పట్టుకోండి. దుమ్ము ఊది, సన్నటి కత్తిమొనతో చెక్క జిగురుని లోపలికి పంపి, రెండు చెక్కముక్కల మధ్య పెట్టి క్లాంపుతో బిగించి ఒక రోజు వదిలేయండి. కారిన జిగురుని అప్పటికప్పుడే తడిగుడ్డతో తుడవాలి. అది అతికేదాకా ఆ స్టూల్ మీద ఎవర్నీ కూర్చోనివ్వకండి. చీలిక వంపు మొత్తం పాకి ఉంటే ఆ కాలు బరువు మోయదు. అప్పుడు కాలు మార్చాల్సిందే.

పాత స్టూల్ సీటుని గీకి కొత్తగా పాలిష్ వేయించొచ్చా?

సీటు పైన పల్చటి చెక్క రేకు ఉండి, అంచు చుట్టూ వేరే పట్టీ ఉంటే మెషీన్‌తో రుద్దనివ్వకండి, రేకు క్షణాల్లో తెగిపోయి కింది చెక్క బయటపడుతుంది. చేత్తో, 240 నంబరు గరుకు కాగితంతో, రేఖల వెంటే రుద్దాలి. తర్వాత రంగులేని, మెరుపు తక్కువ ఉన్న పాలిష్ రెండు పల్చటి పూతలు. గాజులా మెరిసే మెలమైన్ పాలిష్ వేస్తామంటారు, వద్దనండి. ముందు సీటు అడుగున చిన్న చోట పూసి రంగు ఎలా వస్తుందో చూసుకోండి. అడుగున ముద్ర ఉంటే దాని మీద పాలిష్ పడకుండా కాగితం టేపు అంటించి పెట్టమనండి.